ధడా

ఆ ప్రయోగశాలలో సున్నా అంటే సూదమ్మ నెత్తురే.

నెలకోసారి, మొదటి సోమవారం, ఇంకా ఎవరూ రాకముందే ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. రబ్బరు పట్టీ ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొసను కుడిచేత్తో లాగి ఎడమ దండకు బిగిస్తుంది. నరం కోసం వెతుక్కోనక్కర్లేదు. మోచేతి మడతలో కందిగింజంత మేర చర్మం గట్టిపడి, ఇదిగో ఇక్కడే అని తనే చూపిస్తుంది. రెండు గొట్టాలు నింపుకుని, దూది అదిమి, చెయ్యి మడిచి, ఆ మడిచిన చేత్తోనే గొట్టాలను బల్లకు అదిమిపట్టి, వాటిమీద అంటించిన కాగితం ముక్కల మీద రాస్తుంది: "ఖాళీ".

ఊరి చివర బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ సీసం కరిగించేవాళ్ళు, పోత పోసేవాళ్ళు, పలకలు అతికేవాళ్ళు మూడు నెలలకొకసారి వచ్చి ఇక్కడ రక్తం ఇచ్చి వెళ్ళాలి. రక్తంలో సీసం నలభై దాటితే ఆ మనిషిని కొలిమి దగ్గర్నుంచి తప్పించి, తగ్గేదాకా వేరే పని ఇవ్వాలి. లోపయితే మళ్ళీ కొలిమికే. ఆ నలభై ఏ కొలతలో నలభయ్యో ఫ్యాక్టరీలో ఎవరికీ పట్టదు. తక్కువ వచ్చినవాడే మొనగాడైన పరీక్ష లోకంలో అదొక్కటే.

కొట్లో నూనె తూచేటప్పుడు ముందు ఖాళీ డబ్బాను తూచి, ఆ బరువు తీసెయ్యడానికి ధడా కడతారు. రక్తం తూచడమూ అంతే. యంత్రంలోకి సీసం ఒక్కటే పోదు. ఆమ్లంలోని మలినం, గాజులోని మలినం, నెత్తుట్లో సహజంగా ఉండే ఇనుము, ఉప్పు అన్నీ పోయి దాన్ని తికమక పెడతాయి. అందుకని సీసం సోకని మనిషి రక్తాన్ని ముందు చదివించి, ఆ చదివిన అంకెను మిగిలిన అందరి అంకెల్లోంచీ తీసేస్తారు. పూర్వం ఆ శుభ్రమైన రక్తం పై ఆఫీసు నుంచి మంచుపెట్టెలో వచ్చేది. నాలుగేళ్ళ కిందట ఒకసారి చెడిపోయి వచ్చింది, తరవాత అసలే రాలేదు. "ఇప్పుడెలాగండీ?" అని సూదమ్మ అడిగితే ప్రయోగశాల చూసే డాక్టరుగారు నవ్వి, "మనిద్దరిలో ధైర్యస్తులు మీరే కదా," అన్నాడు. ఆవిడా నవ్వి తెల్లకోటు చెయ్యి పైకి మడిచింది. అప్పట్నుంచీ అదే నడుస్తోంది.

సూదమ్మ అన్నది కార్మికులు పెట్టిన పేరు. ఆవిడ గుచ్చితే దోమ కుట్టినట్టు కూడా ఉండదని మొదట్లో అలా పిలిచారు. పోనుపోను ఆవిడ అంకె మీద నమ్మకంతో పిలిచారు. సూదమ్మ రాసిందంటే రాతి మీద గీతే. యాభై ఏడేళ్ళ మనిషి, ఒంటరి. ఆ మాట ఎవరైనా అంటే ఒక్కోసారి ఆవిడకే కొత్తగా వినిపించేది.

ఆ సోమవారం పదింటికి విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. సంచిలోంచి వేలెడంత సీసా తీసి బల్ల మీద పెట్టింది. అడుగున మసిలాంటి నల్లటి పొడి. అది చూడగానే సూదమ్మ మనసులో ఆ అమ్మాయికి పొడిపిల్ల అని పేరు పెట్టేసుకుంది. పేర్లు పెట్టడం ఫ్యాక్టరీవాళ్ళ దగ్గర పట్టుబడిన జబ్బు.

"ఇంతోటి పొడికేనా పైవాళ్ళు మూడు పేజీల ఉత్తరం రాశారు?"

"చిటికెడు చాలు మేడమ్. దీన్ని నానో పొడి అంటాం. ఒక్కో రేణువు ఎంత చిన్నదంటే, వెంట్రుక మందంలో వేలకొద్దీ పడతాయి. రేణువు రేణువు మీదా సీసాన్ని పట్టుకునే కొక్కేల్లాంటివి ఉంటాయి. ఇనుము జోలికి పోదు, ఉప్పు జోలికి పోదు. సీసం కనబడితే మాత్రం వదలదు."

"జలగ లాగన్నమాట."

"మంచి జలగ," అంది పొడిపిల్ల నవ్వి.

పని మొదలుపెట్టారు. రక్తాన్ని ఆమ్లంలో కాచి తేటనీరులా చేసేదాకా సూదమ్మకు తెలిసిన పనే. ఆ తేటలో పొడిపిల్ల చిటికెడు పొడి వేసి, మూత బిగించి, పది నిమిషాలు కుదిపింది. గొట్టమంతా నల్లగా అయిపోయింది. తరవాత బొటనవేలంత అయస్కాంతం గొట్టం పక్కన ఆనించింది. చూస్తుండగానే నలుపంతా ఒక పక్కకు జరిగి గోడకు అతుక్కుంది, మిగిలిన నీళ్ళు తేరుకున్నాయి. సూదమ్మ కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని గొట్టం దగ్గరికి వంగింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తోంది, ఇంత శుభ్రంగా ఏదీ విడిపోవడం చూడలేదు. నీళ్ళు వంపేసి, గోడకంటిన పొడిని నాలుగు చుక్కల ఆమ్లంతో కడిగితే, పట్టుకున్న సీసాన్ని పొడి విడిచిపెట్టింది. ఆ నాలుగు చుక్కలే యంత్రంలోకి.

ముందు నెత్తురు లేకుండా ఉత్త ఆమ్లం, ఉత్త గొట్టం. యంత్రం సున్నా చూపింది.

"చూశారా మేడమ్? మలినాల గొడవే లేదు. ఇక ఖాళీ కూడా సున్నాయే రావాలి."

ఖాళీ పెట్టారు. యంత్రం గుర్రుమని, కాసేపు ఆలోచించి, పదకొండు చూపింది.

పొడిపిల్ల నొసలు ముడిచింది. "గొట్టం సరిగ్గా కడగలేదేమో."

"నా గొట్టమా?" అంది సూదమ్మ. ఆ ఒక్క మాటకే పొడిపిల్ల నాలిక కరుచుకుంది.

కొత్త గొట్టం తీశారు. పదకొండు. పొద్దున నింపిన రెండో గొట్టంలోని రక్తం తీశారు. పదకొండుకు కాస్త తక్కువ. మధ్యాహ్నం దాటింది, తెచ్చుకున్న తిండి డబ్బాల్లోనే ఉండిపోయింది. మరోసారి చేశారు. మళ్ళీ పదకొండే.

"ఈ ఖాళీ ఎవరి రక్తం మేడమ్? పైనుంచి వచ్చిందా?"

"ఒక మనిషిది."

"సీసం దగ్గర పనిచేసేవాళ్ళదా?"

"కాదు."

పొడిపిల్ల ఇంకేదో అడగబోయి ఆగిపోయింది. సూదమ్మ మోచేతి మడతలో, పొద్దున పెట్టుకున్న దూది ఇంకా అలాగే అంటుకుని ఉంది. ఆ అమ్మాయి దాన్ని చూసింది. చూసిందని సూదమ్మ చూసింది. ఇద్దరూ యంత్రం వైపు తిరిగి, ఇక చెయ్యడానికేమీ లేకపోయినా, దాని తలుపు తుడిచారు.

మర్నాడు పొడిపిల్ల తన చెయ్యి చాపింది. "నా రక్తం తీసి చూడండి. నాకూ పదకొండు వస్తే తప్పు పొడిది. పట్టుకెళ్ళి పారేస్తాను."

ఆ అమ్మాయి రక్తం ఒకటి చూపింది. ఒకటంటే లేనట్టే లెక్క.

"అమ్మా," అంది పొడిపిల్ల. మేడమ్ అనడం మర్చిపోయింది. "మీరు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. పదకొండు మరీ ప్రమాదం కాదు, కానీ ఉండకూడదు. ఎప్పుడైనా సీసం ఉన్నచోట ఉన్నారా?"

"నేను లేను. మా అన్నయ్య ఉండేవాడు, పోత దగ్గర. పోయి ఆరేళ్ళయింది."

"ఆరేళ్ళా?" పొడిపిల్ల తనలో తాను లెక్కపెట్టుకుంది. "ఉంటుంది. నెత్తుట్లోంచి త్వరగానే పోతుంది గానీ ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. ఏళ్ళతరబడి అక్కడే. వయసు మీదపడి ఎముకలు అరుగుతుంటే మళ్ళీ మెల్లిగా నెత్తుట్లోకి దిగుతుంది."

సూదమ్మ తలూపింది. గొట్టాలు కడిగింది, బోర్లించింది, దీపాలు ఆర్పింది. పొడిపిల్ల బస్సు ఎక్కేదాకా తోడు నిలబడి, తను నడిచి ఇంటికి వెళ్ళింది.

రెండు గదుల ఇల్లు. వెనక చిన్న పెరడు, అందులో బట్టలుతికే బండ. వాడికి పెళ్ళయితే గానీ నేను చేసుకోనని చెల్లెలు, దానికి పెళ్ళయితే గానీ నేను చేసుకోనని అన్న. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు, ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే ముసలివాళ్ళయ్యారు. పోట్లాడుకోవడానికి కూడా ఇంకొకరు లేకపోయారు.

సూదమ్మ దీపం వెయ్యకుండానే పెరట్లోకి వెళ్ళి బండ మీద కూర్చుంది. ఇంకా వెలుతురుంది. అన్నయ్య డ్యూటీ దిగి వచ్చి, గడపలోనే చొక్కా విప్పి దులపబోయేవాడు. "ఇక్కడ కాదు అన్నయ్యా, పెరట్లో, పెరట్లో!" అని తను అరిచేది. వాడు ఈ బండ పక్కన నిలబడి దులిపేవాడు. ఎండలో ఆ దుమ్ము వెండిలా మెరిసేది. తను ఆ చొక్కా అందుకుని, రెండు చేతులా పట్టుకుని, బండకేసి బాదేది. నీళ్ళు బూడిదరంగులో పారేవి. "నువ్వు కూర్చోవే, నేను ఉతుక్కుంటాలే," అనేవాడు. "నువ్వుతికితే మురికి నిన్ను చూసి నవ్వుతుంది," అనేది. ఇరవై రెండేళ్ళు. ఒక్క రోజూ తప్పలేదు.

వాడు పోయాక మంచం ఒకరికిచ్చింది, చెప్పులు ఒకరికిచ్చింది, చేతిగడియారం ఒకరికిచ్చింది. అన్నయ్యవన్నీ ఇచ్చేశాననుకుంది.

వండుకోబుద్ధి కాలేదు. రేడియో పెట్టింది, ఎవరో దేని గురించో మాట్లాడుతున్నారు. మనిషి గొంతు వినిపిస్తే చాలుననుకుని పడుకుంది. కన్ను అంటుకోబోతుండగా లేచి కూర్చుంది. తన ఎముకల గురించి కాదు. ధడా గురించి.

నాలుగేళ్ళుగా ప్రతి మనిషి అంకెలోంచీ తన నెత్తురు తీసేశారు. అందులో ఉన్నదంతా ఆమ్లంలో మలినం, గాజులో మలినం అనుకున్నారు. మలినం కొంత ఉన్న మాట నిజమే. మిగిలింది సీసం. తనకు పదకొండు ఉంటే, ఆ పదకొండూ వాళ్ళ నెత్తుట్లో ఉండి కూడా కాగితం మీద లేకుండా పోయింది. డబ్బా బరువుతో పాటు నూనె బరువు కూడా తీసేసి తూచింది తను.

బుధవారం తెల్లవారగానే వెళ్ళి రిజిస్టర్లు దించింది. బెత్తెడు మందం, నాలుగు పుస్తకాలు. ఇరవై తొమ్మిది పైన, నలభై లోపు ఉన్న పేర్లకు పెన్సిలుతో చుక్క పెట్టుకుంటూ పోయింది. అంతా తన చేతిరాతే. ఒక్క కొట్టివేత లేదు. ఆ శుభ్రత చూసి ఒకప్పుడు తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నలభై మూడు చుక్కలయ్యాయి.

నలభై మూడో చుక్క దగ్గర వేలు ఆగిపోయింది. పోతమేస్త్రి. ముప్ఫై నాలుగు.

మూడు నెలల కిందట ఈ బల్ల ముందే నిలబడ్డాడు. పోత పోస్తుంటే గరిటె చేతిలోంచి జారి, కరిగిన సీసం నేల మీద ఒలికింది. మణికట్టులో పట్టు ఉండటం లేదన్నాడు. కడుపులో మెలిపెడుతోందన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు అంకె చూసి, నలభై లోపే ఉంది కదా, తేలిక పని కోసం వేషాలు వేస్తున్నావా అని పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశారు. "ఒక్కసారి మళ్ళీ చూడండి సూదమ్మగారూ," అన్నాడు ఆ రోజు. తను తల ఎత్తకుండానే, "నా చెయ్యి తప్పదు మేస్త్రీ," అంది. అన్నదానికంటే, అలా తల ఎత్తకపోవడమే ఇప్పుడు గుర్తొచ్చింది.

డాక్టరుగారు పదకొండింటికి వచ్చాడు. ఆవిడ చెప్పిందంతా విని, ముందు కుర్చీలోంచి లేచాడు. "మీరు ముందు మీ ఒంటి సంగతి చూసుకోండి. సెలవు పెట్టండి. నేను చెబుతున్నాను."

"నా ఒంటికి తొందరేం లేదండీ. వీళ్ళ సంగతి?" రిజిస్టరు ఆయన వైపు తిప్పింది.

ఆయన పెన్సిలు చుక్కల వెంట కాసేపు చూపు నడిపించి, మళ్ళీ కూర్చున్నాడు. "వచ్చే నెల నుంచి ఈ పొడి పద్ధతే పెడదాం. ఇకమీదట అన్నీ సరిగ్గా వస్తాయి."

"ఇదివరకటివి?"

"అయిపోయిన పెళ్ళికి మేళం ఎందుకండీ?"

"పెళ్ళి అయిపోలేదండీ. వాళ్ళింకా కొలిమి దగ్గరే ఉన్నారు."

ఆయన కిటికీ వైపు చూశాడు. మంచివాడే. ఒకరి మీద అరిచింది ఆవిడ ఎన్నడూ వినలేదు. "ప్రతి కాగితం కిందా సంతకం మీది," అన్నాడు.

"అవును, నాదే."

"దాని పక్కన నాది." గొంతు తగ్గింది. "మీరు ఏడు నెలల్లో రిటైరవుతారు. నాకింకా పన్నెండేళ్ళ సర్వీసుంది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. పైగా పదకొండని ఎలా అంటారు? నాలుగేళ్ళ కిందట ఎంతుందో మీకు తెలుసా?"

"తెలీదు. ఎనిమిది ఉండొచ్చు, పద్నాలుగు ఉండొచ్చు. అందుకే మళ్ళీ తియ్యాలి. శనివారం తీస్తాను. పొడిపి... ఆ అమ్మాయిని సాయం రమ్మంటాను."

"నేను అనుమతి ఇవ్వలేను."

"అడగటం లేదండీ. చెబుతున్నాను."

ఆ మాట అనేసి, రిజిస్టరు తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చి, మేస్త్రి చిరునామా చీటీ మీద రాసుకుంది.

గురువారం మధ్యాహ్నం రిజిస్టర్లోని చిరునామా పట్టుకుని బయల్దేరింది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన గది. ఇనుప మెట్లు. తలుపు తీసే ఉంది. మేస్త్రి భార్య నేల మీద కూర్చుని క్యాంటీను కోసం ఉల్లిపాయలు తరుగుతోంది, పక్కన రెండు గోతాలున్నాయి. మేస్త్రి గోడకు ఆనుకుని బఠాణీలు వొలుస్తున్నాడు. కాయను బొటనవేలితో నొక్కుతున్నాడు, అది చీలటం లేదు. నోటి దగ్గరికి తీసుకుని పళ్ళతో చీల్చి గింజలు దులుపుతున్నాడు. గిన్నెలో పట్టుమని పిడికెడు కూడా లేవు.

"సూదమ్మగారా! మా ఇంటికే వచ్చారా గుచ్చడానికి?" అని లేవబోయాడు. మొహం సంతోషంతో విప్పారింది. అదే ఆవిడకు కష్టమైంది.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పొడి గురించి, ఖాళీ గురించి, తన నెత్తురు గురించి. ఎక్కడా నసగలేదు. "నీ అంకె ముప్ఫై నాలుగు కాదు మేస్త్రీ. నలభై దాటే ఉంటుంది. తప్పు నాది."

మేస్త్రి ఆవిడ వైపు చూడలేదు. భార్య వైపు తిరిగాడు. "చెప్పానా?" అన్నాడు. అంతే. చిన్నపిల్లవాడు అన్నట్టు అన్నాడు.

భార్య కత్తి కింద పెట్టింది. ఉల్లిపాయల చేతులతోనే మొహం కప్పుకోబోయి, కళ్ళు మండి, మోచేతులతో తుడుచుకుంది. ఆ తరవాత సూదమ్మ మీద విరుచుకుపడింది.

"మీ కాగితం పట్టుకుని ఈయన్ని ఎన్నేసి మాటలన్నానో తెలుసా మీకు? ఫ్యాక్టరీవాళ్ళు ఒక్క రోజు అన్నారు, అని ఊరుకున్నారు. నేను రోజూ అన్నాను. చేతకాని నటన అన్నాను. గ్లాసు జారిపడితే నా మీద కోపంతో పడేశాడనుకున్నాను. రాత్రి కడుపు పట్టుకుని మూలుగుతుంటే బయట మెట్ల మీదికి పోయి పడుకోమన్నాను. ఎందుకు? సూదమ్మ రాసిందని! సూదమ్మ రాసిందంటే తిరుగుంటుందా!"

సూదమ్మ తల వంచుకుని నిలబడింది. ఏదో ఒకటి అడ్డం చెబితే ఆ మనిషి కోపం మధ్యలో తెగిపోతుందని, తెగకూడదని ఊరుకుంది.

"ఊరుకోవే," అన్నాడు మేస్త్రి. "ఆవిడ వచ్చి చెప్పకపోతే మనకి తెలిసేదా?" తరవాత ఏదో తోచినట్టు తల ఎత్తాడు. "అవును, మీరెప్పుడూ కొలిమి గడప తొక్కలేదు కదా. మీ నెత్తుట్లోకి ఎలా వచ్చింది?"

"మా అన్నయ్య బట్టలు ఉతికేదాన్ని."

మేస్త్రి భార్య తన చేతులు తిప్పి చూసుకుంది, ముందు అరచేతులు, తరవాత గోళ్ళు. పీట ఒకటి కాలితో సూదమ్మ వైపు నెట్టింది గానీ కూర్చోమని అనలేదు. సూదమ్మ శనివారం రమ్మని మేస్త్రికి చెప్పి, ఇనుప మెట్లు దిగి వచ్చేసింది.

శుక్రవారం షిఫ్టు మారే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది. మేస్త్రి పోగా నలభై రెండు చీటీలు చేత్తో రాసుకుని వచ్చింది: "మీ పాత అంకె తప్పు. తప్పు నాది. శనివారం వచ్చి మళ్ళీ రక్తం ఇవ్వండి." కింద సంతకం. గేటులోంచి వచ్చేవాళ్ళు ఆవిడను చూసి పలకరింపుగా నవ్వి, చీటీ చదివి, నవ్వు మానేశారు. ఒకడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒకడు చదివి తిరిగి ఇచ్చేశాడు. పలకలు అతికే పెద్దాయన చీటీని నాలుగు ముక్కలు చేసి, అయినా నేల మీద పడెయ్యకుండా ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"నలభై దాటిందని తేలిస్తే మాకు వేరే పని ఇస్తారనుకుంటున్నారా సూదమ్మా? మేస్త్రికి ఇచ్చారా? ఉన్న ముద్ద నోటి దగ్గర్నుంచి లాగెయ్యడానికా ఇది?"

ఆవిడ ఆ ముక్కల మీద పిడికిలి మూసి, తరవాతివాడికి చీటీ చాపింది. గేటు మూసేసరికి చేతిలో ఇరవై నాలుగు చీటీలు మిగిలాయి, ఆ ముక్కలు కాక.

శనివారం ఎనిమిదింటికి తలుపు తీసింది. బల్ల తుడిచింది, గొట్టాలు వరసగా పేర్చింది, దూది చిన్న చిన్న ఉండలు చేసి పెట్టింది. పొడిపిల్ల మొదటి బస్సుకే వచ్చి, అయస్కాంతాన్ని జేబులో వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. తొమ్మిదయింది. బయట బెంచీ మీద ఎవరూ లేరు. దూది ఉండలు మరో గిన్నెలోకి మార్చింది. తొమ్మిదిన్నర అయింది. ఇంత బతుకూ బతికి, తన మాట మీద నమ్మకం ఒక్క రోజులో పోగొట్టుకున్నానని సూదమ్మ అనుకోలేదు. ఆ నమ్మకంతోనే ఇన్నాళ్ళూ వాళ్ళను ముంచానని మాత్రం అనుకుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. డాక్టరుగారు. సెలవు రోజు వేసుకునే చొక్కాలో ఉన్నాడు.

"ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది," అన్నాడు. బెంచీ వైపు చూశాడు. "ఎంతమంది వచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

ఆయన ఊపిరి వదిలాడు. ఆ వదిలిన చప్పుడు తనకే వినిపించినట్టుంది, చటుక్కున చూపు దించుకున్నాడు.

ఈలోగా మెట్ల మీద మళ్ళీ అడుగులు. ఒకరివి కావు. ముందు మేస్త్రి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. అతని వెనక భార్య. ఆవిడ వెనక ఒక ముసలావిడ, చంకలో బిడ్డతో ఒకావిడ, ఇద్దరు తోడికోడళ్ళు, ఇంకా ఎవరెవరో. వరండా నిండిపోయింది. మేస్త్రి తప్ప మగపురుగు లేదు.

"వాళ్ళు రారమ్మా," అంది మేస్త్రి భార్య. మొన్నటి కోపం గొంతులో ఇంకా అడుగున ఉంది. "వాళ్ళ భయం వాళ్ళది. వాళ్ళ పని పోతుంది. మా పని ఎవరూ పీకెయ్యలేరు కదా, అందుకని మేం వచ్చాం. నిన్నంతా ఇంటింటికీ తిరిగి చెప్పాను."

డాక్టరుగారు ముందుకు వచ్చాడు. "చూడండమ్మా, ఇక్కడ కార్మికులకే పరీక్ష చేస్తాం. ఫారం కూడా వాళ్ళకే. వృత్తి, అనుభవం రాయకపోతే పైన తీసుకోరు. మీరంతా..."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనకనున్న ముసలావిడ అప్పుడే మెట్ల వైపు తిరగబోయింది.

సూదమ్మ కుర్చీ లాగింది. "కూర్చో అమ్మా," అంది మేస్త్రి భార్యతో. కొత్త ఫారం తీసి, కలం మూత తీసింది. పేరు రాసింది. వయసు రాసింది. "వృత్తి?"

"ఏముందమ్మా. ఇంట్లోనే. పనేం లేదు. ఈ ఉల్లిపాయలు ఇప్పుడిప్పుడే కదా."

"మేస్త్రి ఫ్యాక్టరీ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"ఎవరేమిటి, నేనే."

"ఎన్నేళ్ళ నుంచి?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ. పద్నాలుగేళ్ళు."

సూదమ్మ అదే వంకర లేని చేతిరాతతో రాసింది. వృత్తి: ఫ్యాక్టరీ బట్టలు ఉతకడం. అనుభవం: పద్నాలుగేళ్ళు. కింద తన సంతకం పెట్టి, కాగితాన్ని డాక్టరుగారి వైపు తిప్పింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన చాలాసేపు ఆ రెండు పంక్తుల మీదే చూపు నిలిపి, జేబు తడుముకుని, సెలవు రోజు చొక్కాలో కలం లేదని తెలుసుకున్నాడు. చెయ్యి చాపాడు. సూదమ్మ తన కలం ఇచ్చింది. సంతకం చేసి, "ఫారాలు ఇరవయ్యే ఉన్నాయి," అన్నాడు మెల్లిగా. "బీరువాలో ఇంకో కట్ట ఉండాలి. తెస్తాను."

"నొప్పి పుడుతుందా అక్కా?" అంది మేస్త్రి భార్య చెయ్యి చాపి.

అక్కా అని తనను పిలిచినవాళ్ళు సూదమ్మకు గుర్తులేరు. రబ్బరు పట్టీ తీస్తూ, "కొంచెం పుడుతుంది," అంది. "పిడికిలి బిగించు."

వెనక వరసలో ఆడవాళ్ళు మోచేతుల పైకి బట్ట మడుచుకుంటున్నారు. "నాకు ఎనిమిదేళ్ళు," అంటోంది బిడ్డను ఎత్తుకున్నావిడ. "నాకు పంతొమ్మిది," అంది ఒక తోడికోడలు. ముసలావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ, ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి అందుకుంది.